తలుపు తొయ్యని వీరుడు

మా అన్నయ్య తాళాలు తీసేవాడు. తలుపులు తీసేవాడు కాదు.

ఎవరైనా తాళంచెవి పారేసుకుని పిలిస్తే సంచీ భుజాన వేసుకుని వెళ్ళేవాడు. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని తాళంతో కాసేపు మంతనాలాడేవాడు. అది టక్కుమనగానే లేచి, రెండడుగులు వెనక్కి వేసి, వీధివైపు తిరిగి నిలబడేవాడు. ఇంటివాళ్ళే వచ్చి తలుపు తోసుకోవాలి. చంకలో పిల్లలున్నా, చేతిలో బరువులున్నా సరే. ఒకసారి రెండు చేతులా సంచులు పట్టుకున్న టీచరుగారు ఒకావిడ, "కాస్త తోసిపెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. అన్నయ్య ఆవిడ సంచులు రెండూ తాను పుచ్చుకుని మళ్ళీ వీధివైపు తిరిగాడు తప్ప తలుపు మీద వేలు వెయ్యలేదు.

"లోపల ఏముందో నాకు తెలియకపోవడమే నా వ్యాపారం" అనేవాడు.

"నా బుర్రలో ఏముందో కూడా ముప్ఫై ఏళ్ళుగా ఈయనకి తెలీదు. అదీ వ్యాపారమే కాబోలు" అనేది వదిన.

అన్నయ్య పోయి తొమ్మిది నెలలైంది. ఆయన మొహం, నడక, జేబులు తడుముకునే తీరు ఎక్కడెక్కడి వాళ్ళకో తెలుసు. మనిషి మాత్రం మా ఊరు దాటి ఎవరికీ తెలియదు.

దుకాణం ఒక జిరాక్స్ షాపు మెట్ల కింద, వీధికి రెండు మెట్లు పల్లంలో ఉండేది. నిటారుగా నిలబడితే నెత్తి బొప్పికట్టే చోటు. వచ్చినవాళ్ళందరూ వంగి లోపలికి రావాలి. "పొద్దున్నుంచీ అందరూ నాకు నమస్కారం పెడుతున్నట్టే ఉంటుంది" అని మురిసిపోయేవాడు. కళ్ళజోడుకు బూటు లేసు కట్టి మెడలో వేసుకునేవాడు. అయినా రోజుకు నాలుగుసార్లు జేబులన్నీ తడుముకుంటూ కళ్ళజోడు వెతుక్కునేవాడు. తాళాలకు చుట్టరికాలు కలిపేవాడు. ముందు మొరాయించి, ఒకసారి మనసు విప్పితే ఇక ఆగనిది మేనత్త తాళం. పైకి కోటగుమ్మంలా కనబడి హెయిర్‌పిన్నుకే లొంగిపోయేది తోడల్లుడి తాళం. "ఇది బావమరిది తాళమండీ. ఎప్పుడు పడితే అప్పుడు తెరుచుకుంటుంది, నోరు మూసుకోమంటేనే కష్టం" అని ఒక కస్టమర్‌కి చెబుతుంటే వదిన తమ్ముడు వెనకే నిలబడి విన్నాడు. ఆర్నెల్లు మాటల్లేవు.

తలుపు తొయ్యకూడదన్న నియమం మాత్రం సరదాకి పుట్టింది కాదు. దుకాణం పెట్టిన కొత్తలో ఒకాయన ఇంటికి తాళం మార్చాడు. తలుపు తనే తీసి, లోపలికి వెళ్ళి, ఇల్లు బాగుందని మెచ్చుకుని, మంచినీళ్ళు తాగి వచ్చాడు. వారం తిరక్కుండా ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. పోలీసులు అన్నయ్యను రెండుసార్లు పిలిపించారు. చివరికి దొంగ ఆ ఇంటాయన మేనల్లుడేనని తేలింది. కానీ తేలేసరికి నెల పట్టింది. ఆ నెలంతా దుకాణం మెట్లు ఎవరూ దిగలేదు. ఒక్క వదిన మాత్రం ఇంట్లోని తాళాలన్నీ ఒక్కొక్కటిగా పట్టుకొచ్చి, వరసలో నిలబడ్డట్టు నిలబడి, బాగుచేయించుకుని వెళ్ళేది. పెట్టెల తాళాలు అయిపోయాక సైకిల్ తాళం తెచ్చింది. వాళ్ళకి సైకిల్ లేదు. పక్కింటివాళ్ళని అడిగి తెచ్చిందట.

అప్పటినుంచీ అన్నయ్య ఏ ఇంట్లోనూ అడుగుపెట్టలేదు. జనం తనమీద పెట్టుకున్న నమ్మకం తప్ప తనకి వేరే పెట్టుబడి లేదన్న సంగతి అతనికి బాగా తెలుసు. దాన్ని మళ్ళీ ఇరుకులో పెట్టింది నేను.

నేను వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో మాటలు రాస్తాను. మా ఆటలో ఆడేవాళ్ళు కథలోని వీరుడైపోతారు. ఆ వీరుడితో ఊరూరా తిరుగుతారు, కనబడినవాళ్ళతో కబుర్లాడతారు, ఇళ్ళలో దూరి పెట్టెలు తెరిచి పనికొచ్చేవన్నీ పోగేసుకుంటారు, ఆఖరికి ఒక రాక్షసుణ్ణి చంపుతారు. అప్పటికి ఆ వరసలో రెండు ఆటలు వచ్చాయి. రెండింటిలోనూ వీరుడు తప్పిపోయిన రాజకుమారుడే. ఆరడుగుల రెండంగుళాలు. గాలాడని గుహలో కూడా జుట్టు ఎగురుతూ ఉంటుంది. మొదటి ఆట జనం ఆడారు. రెండోది సగంలో వదిలేశారు. "ఈ మనిషిని చూస్తుంటే మా ఆఫీసర్ గుర్తొస్తున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆయన్ని మొయ్యాలా?" అని ఒకరు ఉత్తరం రాశారు.

మా ఆఫీసు పెద్దని మేం గడువుగారు అనేవాళ్ళం. నోరు తెరిస్తే గడువే. పుట్టినరోజు శుభాకాంక్షలు చెబితే "థాంక్సమ్మా, శుక్రవారానికల్లా మూడో అధ్యాయం" అనేవాడు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, "ఈసారి రాజకుమారుడు వద్దు. చూడగానే 'అరే, మనవాడే' అనిపించేవాడు కావాలి. నెలాఖరుకి" అన్నాడు.

మా బొమ్మలాయన నలభై మంది మనవాళ్ళని గీశాడు. రాజకుమారుడికి బొజ్జ పెట్టాడు, ఆ బొజ్జ కూడా కండలు తిరిగి ఉంది. చిరుగుల చొక్కా తొడిగాడు, ఆ చిరుగులు దర్జీ కొలతలు తీసి చింపినట్టున్నాయి. బట్టతల పెడితే అది తళతళా మెరిసి కిరీటంలా కనబడింది. గడువుగారు నలభై బొమ్మలూ చూసి, "వీళ్ళెవరూ జీవితంలో బస్సు తప్పిపోయిన మొహాలు కావు" అన్నాడు.

ఆ బాధలో బొమ్మలాయన స్టోర్ రూములోనే తాళంచెవి మరిచిపోయి, బయటికి వచ్చి తలుపు లాగేశాడు. నేను అన్నయ్యకు ఫోన్ చేశాను. వచ్చాడు. "అమ్మా" అంటూ కూర్చున్నాడు, కళ్ళజోడు కోసం జేబులు తడిమాడు, తాళంతో ఏదో గొణిగాడు, టక్కుమనిపించాడు, "హమ్మయ్య" అంటూ లేచాడు. రెండడుగులు వెనక్కి వేసి అటు తిరిగాడు. ఆఫీసులో వీధి ఎక్కడుంటుంది? మంచినీళ్ళ యంత్రం ఉంది. దాన్నే ఎంతో శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

"ఆయన ఎందుకలా నిలబడ్డాడు?" అన్నాడు గడువుగారు.

"తలుపు మీరు తొయ్యాలి సార్" అన్నాను.

"తీసింది ఆయనే కదా?"

"తాళం సార్. తలుపు కాదు."

గడువుగారు తలుపు తొయ్యలేదు. అన్నయ్య వీపునే చాలాసేపు చూశాడు. తర్వాత బొమ్మలాయన భుజం మీద చెయ్యి వేసి, "గీసింది చాలు. ఇతనే" అన్నాడు.

కాగితాల మీద సంతకం పెట్టించారు. అన్నయ్య మొదటి పేజీ కళ్ళు చిట్లించి చదివి, మిగతావి చదవడానికి కళ్ళజోడు కోసం వెతికి, సిగ్గుపడి ఊరుకుని, సంతకం పెట్టేశాడు. కళ్ళజోడు మెడలోనే ఉంది.

తర్వాత ఒంటికి అతుక్కునే నల్లబట్టలు తొడిగారు. వాటినిండా తెల్లటి బొడిపెలుంటాయి. చుట్టూ ఉన్న కెమెరాలు ఆ బొడిపెల్ని పట్టుకుని మనిషి కదలికను ఉన్నదున్నట్టుగా కంప్యూటర్లోకి దించుతాయి. అన్నయ్యకు మధ్యాహ్నం డబ్బా ఇవ్వడానికి వచ్చిన వదిన ఆ వేషం చూసి గోడ పట్టుకుని నవ్వింది. వదిన మందుల షాపులో పనిచేసేది, నవ్వు ఆపుకోవడం ఆ ఉద్యోగంలో అలవాటే. ఆ రోజు ఆపుకోలేకపోయింది.

"ఏమండీ, ఏవో మాత్రలు పడక ఒళ్ళంతా పొక్కినట్టుంది. ఏం మింగారు?"

"నవ్వు, నవ్వు. రేపు నీ మొగుడు వీరుడు."

"వీరుడైతే ముందు ఆ పొట్ట లోపలికి పీల్చండి."

"వద్దండీ! పీల్చకండి!" అని గది అవతలి నుంచి బొమ్మలాయన కేకపెట్టాడు. ఆ పొట్ట కోసం అతను నెలరోజులుగా అలమటిస్తున్నాడు.

ఆరువారాలకు ఆట ఒక ఆకారానికి వచ్చింది. అన్నయ్యను పిలిచి మొదటి ఊరు ఆడమన్నారు. వీడియో గేము ముఖం చూడనివాడు ఎలా ఆడతాడో చూడాలని గడువుగారి ముచ్చట. అన్నయ్య పక్కగదిలో ఆడుతుంటే ఇవతల తెరమీద మేం చూస్తున్నాం. వీరుడు ఊళ్ళోకి వచ్చాడు. అచ్చం అన్నయ్యే, కాస్త దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. మొదటి ఇంటి ముందుకు వెళ్ళాడు. ఆగిపోయాడు.

అయిదు నిమిషాలు. పది. ఇరవై.

"ఆట బిగుసుకుపోయింది" అంది బామ్మ. బామ్మ అంటే నిజం బామ్మ కాదు. మా ప్రోగ్రాములన్నీ రాసే ఆవిడ. ఏ కాలంలోనైనా స్వెట్టర్ విప్పదు, అందుకా పేరు. నలభయ్యో నిమిషానికి ఆవిడ కుర్చీ లాక్కుని తన రాతంతా వరసగా తవ్వడం మొదలుపెట్టింది. తప్పు దొరకలేదు. మధ్యాహ్నం దాకా తవ్వింది. చివరికి నేను పక్కగదిలోకి వెళ్ళాను. అన్నయ్య చేతులు కట్టుకుని తెరముందు కూర్చుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు అన్నయ్యా?"

"తలుపు కొట్టాను. ఇంట్లోవాళ్ళు ఇంకా రాలేదు."

"ఎలా కొట్టావు?"

"కత్తితో. మెల్లిగానే. చేత్తో కొట్టే మీట మీరు పెట్టలేదుగా?"

బామ్మ వచ్చి తల పట్టుకుంది. "తోసుకుని వెళ్ళిపోవాలి బాబూ. మీరు వీరుడు."

"ఎవరింట్లోకి?"

"ఎవరింట్లోకైనా!"

ఆవిడే మీట నొక్కి చూపించింది. అన్నయ్య మొహం వేసుకున్న మనిషి, అన్నయ్య నడకతో, తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. కుర్చీలో ముసలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ఎదురుగానే రెండు కుండలు పగలగొట్టాడు. మంచం పక్కనున్న పెట్టె తెరిచాడు. అందులోని మందు సీసా తీసి గడగడా తాగేశాడు. ముసలమ్మ నవ్వుతూ, "క్షేమంగా వెళ్ళిరా నాయనా" అంది.

అన్నయ్య నావైపు తిరిగాడు. "ఈ మాట నువ్వే రాశావా?"

"నేనే."

"ఇల్లు దోచుకుని పోతుంటే క్షేమంగా వెళ్ళిరమ్మంటుందా?"

డబ్బా తెచ్చి గుమ్మంలో నిలబడ్డ వదినకు వేరే బాధ పట్టుకుంది. "ఎవరి మందో, ఏ రోగానికో తెలియకుండా సీసాడూ తాగేస్తాడా? తారీఖైనా చూసుకోడూ?"

అన్నయ్య లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. సూటిగా గడువుగారి గదికి వెళ్ళి, తలుపు కొట్టి, ఆయన వచ్చి తీసేదాకా నిలబడి, "సార్, నా మొహం తీసెయ్యండి" అన్నాడు.

"ఏమిటండీ?"

"ఈ ఆట నలుగురూ ఆడతారు. తాళాలు తీసేవాడి మొహంతో ఒకడు ఇల్లిల్లూ దూరి పెట్టెలు తెరుస్తుంటే చూస్తారు. రేపు నన్ను ఎవరు గుమ్మం దగ్గరికి రానిస్తారు?"

"అది ఆటండీ. మీరు వేరు, అతను వేరు."

"ఆ మాట మీరు మా వీధిలో ఒక్కొక్కరికీ వచ్చి చెబుతారా?"

గడువుగారు సంతకం పెట్టిన కాగితాలు తీశాడు. మొహం మార్చాలంటే ఆట వాయిదా పడుతుంది, వాయిదా అన్న మాట ఆయన నోట పలకదు. పెట్టెలు తెరవకపోతే ఆట ఎలా సాగుతుందని ఆయన, అడిగి తెరవొచ్చుగా అని అన్నయ్య, మధ్యలో నేను. ఆఫీసులో ఇల్లు పీకి పందిరేసినంత రభస అయింది. బొమ్మలాయన మాత్రం ఒక్కటే మాట పట్టుకుని ఏడుపుమొహం పెట్టాడు. "ఆ పొట్ట మళ్ళీ దొరకదు సార్."

ఆఖరికి గడువుగారు ఒక ఒప్పందానికి దిగాడు. "పదిరోజులు. ఒక్క ఊరు మీ పద్ధతిలో పెడతాం. ముప్ఫైమంది ఆటగాళ్ళని పిలుస్తాం. వాళ్ళు ఆడితే ఆటంతా మీ పద్ధతే. విసుగొచ్చి లేచిపోతే మొహమూ మాదే, పెట్టెలూ మావే. మీరు మాట్లాడకూడదు."

అన్నయ్య ఒప్పుకున్నాడు. ఇంటికి వెళ్ళాక ఒప్పుకున్నందుకు భయపడ్డాడు. "ముప్ఫైమందిలో సగం తోడల్లుడి తాళంలాంటివాళ్ళుంటే నా పని అయిపోయినట్టే" అన్నాడు వదినతో.

ఆ పదిరోజులూ దుకాణం మూసి మా ఆఫీసుకు వచ్చాడు. ఊళ్ళో ఇరవైమూడు ఇళ్ళు. ఇంటికొక మనిషి తలుపు తియ్యాలి, ప్రతి మనిషికీ నేను మాటలు రాయాలి. నా దగ్గర "క్షేమంగా వెళ్ళిరా" తప్ప ఏమీ లేదు. అన్నయ్య దగ్గర ముప్ఫై ఏళ్ళ గుమ్మాలున్నాయి. ఇళ్ళ లోపల ఏముంటుందో తెలియదు గానీ, గుమ్మంలో నిలబడ్డ మనిషి ఏం మాట్లాడతాడో అన్నయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తాళంచెవి పారేసుకున్న ప్రతివాడూ ముందు సంజాయిషీ చెప్పుకుంటాడట. "నేను ఎప్పుడూ మర్చిపోనండీ, ఇదే మొదటిసారి" అని అయిదోసారి చెప్పినాయన ఉన్నాడు. "లోపల అంతా చిందరవందరగా ఉంది, ఏమనుకోకండి" అని, లోపలికి రానివాడికి కూడా క్షమాపణ చెప్పే ఆవిడ ఉంది. తాళం తీసేదాకా పెళ్ళాన్ని తిట్టి, తీశాక తాళంచెవి తన జేబులోనే దొరికితే, అది ఆవిడకి చెప్పొద్దని బతిమాలినాయన ఉన్నాడు. అన్నీ రాసుకున్నాను.

బామ్మతో మాత్రం అన్నయ్యకు రోజూ పేచీయే. తలుపు కొట్టాక మనిషి రావడానికి ఆవిడ ఆరు సెకన్లు పెట్టింది.

"ఆరు సెకన్లలో ఎవరొస్తారమ్మా? గిన్నెలు కడుగుతుంటే చెయ్యి తుడుచుకోవద్దూ?"

"పది."

"ఈ ఇంట్లో పెద్దాయన. కళ్ళజోడు వెతుక్కోవాలి."

"అందరూ మీలాగే ఉంటారా? పదిహేను."

ఇలా ఇంటింటికీ బేరం నడిచింది. పంతొమ్మిదో ఇంట్లో తొంభై ఏళ్ళ ముసలమ్మను పెట్టాం. అన్నయ్య ఆవిడ తరఫున గట్టిగా వాదించాడు. మోకాళ్ళు అన్నాడు, చేతికర్ర అన్నాడు, గడప అన్నాడు. బామ్మ విసిగి, "సరే, మహాతల్లికి తొంభై!" అని కొట్టిపడేసింది.

మనిషి వచ్చేదాకా వీరుడు ఏం చెయ్యాలి? దానికోసం అన్నయ్య మళ్ళీ బొడిపెల బట్టలు వేసుకుని, ఉత్తగదిలో, లేని తలుపు ముందు నిలబడి ఎదురుచూశాడు. జేబులు తడుముకున్నాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. లేని పేరుపలక చదివాడు. రెండడుగులు వెనక్కి వేసి అటు తిరిగాడు. కెమెరాలాయన, "ఇంత బాగా ఏమీ చెయ్యనివాణ్ణి నేను చూడలేదు" అన్నాడు.

పరీక్ష రోజు ముప్ఫైమంది వచ్చారు. వరసగా కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. అన్నయ్య, వదిన వెనక బెంచీమీద కూర్చున్నారు.

ముందు వరసలో ఒక గడ్డమాయన మొదటి తలుపును కత్తితో ధనాధనా బాదాడు. తలుపు తెరుచుకుంది. అందులోంచి ఒకావిడ బయటికి వచ్చి, "ఏమిటా కొట్టుడు? తలుపు మీ తాత చేయించాడా?" అంది. ఆ మాట వదిన ఇచ్చింది. గడ్డమాయన ఉలిక్కిపడి, "సారీ అండీ" అని పైకే అనేశాడు. చుట్టూ చూసి నోరు మూసుకున్నాడు. రెండో ఇంటి దగ్గర ఒక్కసారే కొట్టాడు. మూడో ఇంటి దగ్గర కొట్టి, వెనక్కి జరిగాడు. ఎవరూ చెప్పలేదు. ఆ ఇంటాయన సంతోషించి పెట్టె తనే తెచ్చి ఇచ్చాడు. వదిన అన్నయ్యను మోచేత్తో పొడిచింది. అన్నయ్య నవ్వలేదు. ముప్ఫైమంది వీపుల్నీ లెక్కపెడుతున్నాడు, ఎవరైనా లేస్తారేమోనని.

అంతలో పంతొమ్మిదో ఇల్లొచ్చింది. కొట్టారు. ఎవరూ రాలేదు. పక్కింటావిణ్ణి అడిగితే, నేను రాసిన మాటే చెప్పింది: "ఉందండీ, లోపలే ఉంది. బయల్దేరింది. మోకాళ్ళు కదా."

పది నిమిషాలైంది. ఇరవై అయింది. మిగతా ఇళ్ళన్నీ తిరిగొచ్చి మళ్ళీ అక్కడే నిలబడ్డారు. బామ్మ గబగబా తన రాత తిరగేసి, స్వెట్టర్ అంచు కొరుక్కుంటూ నా చెవిలో చెప్పింది. తొంభై సెకన్లనుకుని తొంభై నిమిషాలు పెట్టేసింది.

"ఇప్పుడు మార్చలేమా?"

"మార్చాలంటే ముప్ఫై ఆటలూ ఆపాలి."

ఆపితే జనం లేచిపోతారు. ఆపకపోయినా లేచిపోతారు. అన్నయ్యకు చెప్పాను. అతను కళ్ళు మూసుకుని, "దుకాణానికి కొత్త చోటు వెతుక్కోవాలి. ఈ ఆట ఎవరూ ఆడని ఊళ్ళో" అన్నాడు.

గడువుగారు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతున్నాడు. "పక్క ఊళ్ళో రాక్షసుడు గంట నుంచి నోరు తెరుచుకుని కూర్చున్నాడు! ఒక్కడూ అటు వెళ్ళడేం?"

నిజమే. ఒక్కడూ వెళ్ళలేదు. ఒకాయన బాత్రూముకి వెళుతూ పక్కాయనతో, "ఆవిడ వస్తే చెప్పండి, ఒక్క నిమిషంలో వచ్చేస్తా" అన్నాడు. వెనకవరసలో ఇద్దరు ఆడపిల్లలు తమ నాయనమ్మల మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. ఎవరికి ఏ నూనె పనిచేసిందో చెప్పుకుంటుంటే వదిన ఉండబట్టలేక బెంచీమీంచి లేచి వెళ్ళి సలహా ఇచ్చింది. గడ్డమాయన తన వీరుణ్ణి తలుపు ముందు నుంచి కాస్త పక్కకు జరిపాడు. "ఎండలో ఎందుకు" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

తొంభయ్యో నిమిషంలో, మొదట గడ్డమాయన తెరమీద, తలుపు కిర్రుమంది. ఆయన పెట్టిన కేకకి గదిలో ఉన్నవాళ్ళంతా తమ ఆటలు వదిలేసి ఆయన కుర్చీ చుట్టూ మూగారు. ముసలమ్మ కర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడి, వీరుణ్ణి ఎగాదిగా చూసి అంది: "తోసుకుని రాలేదు కదా? బుద్ధిమంతుడివి. ఇంతకీ నువ్వెవరబ్బాయివి? సర్లే, వచ్చావు కాబట్టి లోపలికొచ్చి ఆ అటకమీది డబ్బా దించిపెట్టు."

చప్పట్లు మోగిపోయాయి. రాక్షసుణ్ణి చంపినప్పుడు కూడా మా ఆఫీసులో ఎవరూ అలా చప్పట్లు కొట్టి ఎరగరు.

గడువుగారు గడ్డమాయన్ని పట్టుకుని అడిగాడు. "నిజం చెప్పండి. విసుగనిపించలేదా?"

"చచ్చేంత విసుగనిపించిందండీ. కానీ పెద్దావిడ బయల్దేరింది కదా? వచ్చేసరికి మనం లేకపోతే ఏం బాగుంటుంది?"

గడువుగారు అన్నయ్య దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. "ఆటంతా మీ పద్ధతే. కానీ ఆవిడకి రెండు నిమిషాలు."

"నాలుగు" అన్నాడు అన్నయ్య.

"మూడు. సోమవారానికల్లా."

ఆట బయటికి వచ్చిన మర్నాడు పొద్దున అన్నయ్య ఎప్పటికన్నా గంట ముందే దుకాణం తెరిచాడు. తెరిచి, జనం ఏమంటారోనని స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడట. ఒకావిడ రెండు సూట్‌కేసులతో మెట్లు దిగి, వంగి లోపలికి తొంగిచూసింది.

"మీరే కదూ, తలుపు తొయ్యనాయన?"

అన్నయ్య అవునన్నాడు.

"పదిరోజులు ఊరెళ్తున్నాం. ఈ తాళంచెవి మీ దగ్గరుంచండి."

"మీరెవరో నాకు తెలీదు కదమ్మా!"

"మీరు నాకు తెలుసు కదా" అని ఆవిడ బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. ఆటలు ఆడే పిల్లల తల్లులు, వాళ్ళ మాట విన్న తాతలు, ఆట పేరు కూడా తెలియని పొరుగువాళ్ళు. గోడకి మేకులు చాల్లేదు. "నేను తాళాలు తీసేవాణ్ణా, తాళంచెవుల హాస్టలు నడిపేవాణ్ణా?" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే రోజూ ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచేవాడు. "వీధి వీధంతా మన గోడమీదే వేలాడుతోంది. మన ఇంటి తాళంచెవి మాత్రం రోజూ వెతుక్కోవాలి" అనేది వదిన.

నాలుగేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, అదే స్టూలు మీద, గుండె ఆగి పోయాడు. చేతిలో సగం అరగదీసిన తాళంచెవి ఉంది.

గోడమీద అప్పటికి ముప్ఫై ఎనిమిది ఉన్నాయి. ఒక్కోదానికీ చిన్న అట్టముక్క కట్టి ఉంది. పేరు లేదు, ఇంటి నంబరు లేదు. దొంగ చేతికి దొరికినా ఏ ఇంటిదో తెలియకూడదని. బదులుగా తనకు గుర్తుండే మాట రాసుకున్నాడు. "నవ్వే ఆవిడ." "నీలం గేటు, ఇప్పుడు ఆకుపచ్చ." "కుక్క ఉంది, కరవదు." "కుక్క లేదు, ఆయన కరుస్తాడు."

వాటిని ఇచ్చెయ్యాలంటే ఆ ఇళ్ళేవో ముందు మాకు తెలియాలి. వదినా నేనూ రెండు వారాలు వీధులు పట్టి తిరిగాం. ఎవరైనా నవ్వుతూ కనబడితే ఆగి, తాళంచెవి మీదేనా అని అడిగేవాళ్ళం. వదిన దారి పొడుగునా అన్నయ్యను తిడుతూనే ఉంది. "ఈ మనిషి ఉన్నన్నాళ్ళూ కళ్ళజోడు వెతికించాడు. పోయాక ఊరంతా వెతికిస్తున్నాడు." తిట్టిన ప్రతిసారీ ముక్కు చీదుకునేది.

చివరికి ఒక్కటి మిగిలింది. ఆయన కరుస్తాడు అన్నది. అడగ్గా అడగ్గా ఒక ఇల్లు చూపించారు. తలుపు కొట్టి నిలబడ్డాం. బనీనులో ఒక పెద్దాయన బయటికొచ్చి, "ఎవరూ? ఏం కావాలి? ఏమీ కొనం!" అని అరిచాడు. ఇల్లు ఇదేనని మాకు రూఢి అయిపోయింది.

వదిన తాళంచెవి చూపించి సంగతి చెప్పింది. ఆయన చెయ్యి చాపలేదు.

"మీ దగ్గరే ఉంచండి" అన్నాడు.

"ఆయన లేరండీ ఇప్పుడు."

"తెలుసమ్మా. ఆయన పోయిన రోజు దుకాణం దాకా వచ్చాను కూడా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. నేనొక్కణ్ణే ఉంటాను. రేపు లోపల పడిపోతే ఎవరో ఒకరు తియ్యాలి కదా? ఊరికే దూరిపోయేవాళ్ళకి ఇవ్వలేను."

వదిన ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"కొడితే వెంటనే రావాలి మరి. నేను మా ఆయన్లా గంటలు గంటలు నిలబడను" అంది.

"అరిచి చస్తాను, వస్తున్నానని" అన్నాడాయన, అరుస్తూనే.

వీధి మలుపు తిరిగాక వదిన ఆగి, బ్యాగులోంచి అట్టముక్క బయటికి తీసింది. నన్ను పెన్ను అడిగి, నా వీపుమీద అట్టముక్క ఆనించి, "ఆయన కరుస్తాడు" అన్నది కొట్టేసింది. దాని కింద, మందు చీటీల మీద రాసే పొందికైన అక్షరాలతో, "అంత కరవడు" అని రాసింది.